పత్రిక యాప్ రివ్యూలో ఆగిపోయింది, ఏం చేయాలి?

మా చిన్న పత్రికను ట్యాబ్ కోసం యాప్‌గా చేస్తున్నాను. పేజీలు తీర్చిదిద్దే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో 2048×1536 పిక్సెల్స్‌కి లేఅవుట్ చేసి, ఆ పీడీఎఫ్‌నే యాప్‌లో పెట్టాను. యాప్ స్టోర్‌కి రివ్యూ (పరిశీలన) కోసం పంపితే రెండుసార్లు తిప్పి పంపారు. ఇది పుస్తకమే తప్ప యాప్ కాదట! నిజం చెప్పాలంటే వాళ్ల మాటలోనూ న్యాయముంది, పేజీ తిప్పడం తప్ప అందులో ఇంకేం లేదు మరి.

ఇప్పుడు సెర్చ్, అక్షరాల సైజు మార్చుకునే వీలు కలుపుదామనుకుంటున్నాను. చిక్కంతా ఇక్కడే. 'స్వాతంత్ర్యం' అని వెతికితే దొరకదు, అదే మాట పేజీలోంచి కాపీ చేస్తే ఒత్తులన్నీ చెల్లాచెదురు. యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్నిచోట్లా ఒకే కోడ్ ఉండే పద్ధతి) కాని పాత ఫాంట్ వాడినందుకేనా? వ్యాసాలన్నీ యూనికోడ్‌లోకి మార్చి హెచ్‌టీఎంఎల్‌లో, అంటే వెబ్ పేజీల రూపంలో, పెట్టడమే దారా?

ఇంకొకటి, ప్రతి సంచికకీ యాప్ అప్‌డేట్ మళ్లీ రివ్యూకి పంపాలా, లేక సర్వర్ నుంచి దించుకునేలా పెడితే సరిపోతుందా? ఈ పని చేసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి, ఒకటే టెన్షన్‌గా ఉంది.