అప్‌డేట్: ర్యాంప్ మీద కారు కింద గీసుకునే సమస్య చాలావరకు తీరింది

మా ఇంటి ర్యాంప్ బాగా నిటారుగా ఉంది, సెడాన్ ఎక్కిస్తే కింద గీసుకుంటోంది, ఏం చేయాలని అడిగాను కదా. చాలామంది నేరుగా కాకుండా ఐమూలగా ఎక్కించమన్నారు. ముందు బంపర్‌కి అది భేషుగ్గా పనిచేసింది. ఒక చక్రం ముందే ఎక్కేస్తుంది కాబట్టి ఆ మూల పైకి లేస్తుంది.

కానీ ర్యాంప్ పై చివర బర్రుమనే చప్పుడు ఆగలేదు. కారు పొట్ట కింద సుద్దముక్క రుద్ది, మెల్లగా ఎక్కించి చూశాను. ర్యాంప్ అయిపోయి పార్కింగ్ మొదలయ్యే అంచు మీద తెల్లటి గీత పడింది! ముందు చక్రాలు చదునులోకి వచ్చేసి వెనకవి ఇంకా వాలు మీదే ఉన్నప్పుడు, నడిమి భాగం ఆ అంచుకి తగులుతోందన్నమాట. మేస్త్రీతో ఆ మొన చెక్కించి, వంపు తిరిగేలా సిమెంట్ చేయించాం. క్యూరింగ్ (తడుపుతూ సిమెంట్ గట్టిపడనివ్వడం) అయ్యేదాకా కారు వీధిలోనే.

కింద రోడ్డు వైపు సిమెంట్ పోయించమన్న సలహా మాత్రం పాటించలేదు. వాన నీళ్లు ఆగితే పక్కింటివాళ్లతో గొడవ. అవసరమైతే చెక్క పలక వేస్తున్నాం.

వెనక సీట్లో ముగ్గురుంటే స్ప్రింగులు దిగి ఇప్పటికీ కాస్త తగులుతోంది. వాళ్లని గేటు దగ్గరే దించేస్తున్నా.