“మందు తాగి చనిపోయిండు” అంటే ఏ మందు? డాక్టర్ చీటీల (ప్రిస్క్రిప్షన్ల) చరిత్ర ఎక్కడ దొరుకుతది?

పీజీ_నల్లగొండ

నమస్తే. ఆత్మహత్యలు కాకుండా, పొరపాటున మందుల మోతాదు మించి చనిపోయినవాళ్ల మీద థీసిస్ మొదలుపెడుతున్నాను. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు, మూడేళ్ల కాలం. పోస్టుమార్టం రిజిస్టర్లు చూడటానికి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. వయసు, ఆడా మగా, వృత్తి, ఊరు రిజిస్టర్లో ఉంటాయి. చనిపోయే ముందు ఏడాదిలో వాళ్లకు ఎవరు ఏ మందు రాశారు, ఎన్ని గోలీలు కొన్నారు అన్నది ఎక్కడ వెతకాలో మాత్రం తెలియడం లేదు. అమెరికా పేపర్లన్నీ రాష్ట్రస్థాయి ప్రిస్క్రిప్షన్ డేటాబేస్‌తోనే మొదలవుతాయి, మనకు అలాంటిది లేదు. ఇంకో అనుమానం: కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం అనే మత్తుమందు వల్ల పోయినవాళ్లను ఇందులో కలపాలా, వద్దా?

ఎఫ్ఎంటీ_పాలమూరు

చీటీల సంగతి తర్వాత చూద్దాం. ముందు కేసుల జాబితా సరిగ్గా రావాలి.

పంచనామాలో “మందు తాగి మృతి” అని ఉంటే ఎక్కువసార్లు అది పురుగుల మందే. కొన్నిసార్లు సారా, బ్రాందీ. మీకు కావలసిన గోలీ మూడో స్థానంలో ఉంటది. మన దగ్గర ఒకే మాటకు మూడు అర్థాలు కాబట్టి పోలీసు కాగితం ఒక్కటే చూసి కేసు ఎంచుకోవద్దు. ఐసీడీ-10లో (జబ్బులకు, మరణ కారణాలకు ఇచ్చే అంతర్జాతీయ కోడ్ల పట్టిక) మందుల వల్ల ప్రమాదవశాత్తు విషప్రభావం ఎక్స్40 నుంచి ఎక్స్44, కావాలని చేసుకున్నవి ఎక్స్60 నుంచి ఎక్స్64, ఉద్దేశం తేలనివి వై10 నుంచి వై14. పురుగుమందు ప్రమాదం ఎక్స్48, ఆల్కహాల్ ఎక్స్45. ఈ రెండూ పక్కకు తీయండి. వై10–వై14ని పారేయకండి, విడిగా ఒక వరుసలో చూపించండి. “కడుపునొప్పి భరించలేక గోలీలు మింగింది” అని రాసిన కేసులు ఏ గంపలో వేస్తారన్నదాన్ని బట్టి మీ ఫలితం మారిపోతది. ఉద్దేశం తేల్చడానికి ఇద్దరు డాక్టర్లు ఒకరికొకరు చూపించుకోకుండా కోడ్ చేయాలి. తేడా వస్తే మూడోవాళ్లు చూడాలి.

మరణ ధ్రువీకరణ ఫారం 4, 4ఏల మీద పూర్తిగా ఆధారపడొద్దు. అవి చాలాసార్లు ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు రాకముందే పోతాయి, తర్వాత ఎవరూ దిద్దరు. ఇన్‌క్వెస్ట్ (మృతిపై పోలీసు విచారణ) కేసు నంబరు (2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 194, అంతకుముందు సీఆర్‌పీసీ 174), పోస్టుమార్టం నంబరు, ఎఫ్ఎస్ఎల్ నంబరు మూడూ ఒకే వరుసలో రాసుకుంటేనే తుది అభిప్రాయం దాకా దారి తెగకుండా ఉంటది.

ఇక నమూనాలు. రక్తం తొడ సిర నుంచి తీసిందా, గుండె నుంచి తీసిందా అన్నది తప్పకుండా నమోదు చేయండి. చావు తర్వాత చాలా మందులు అవయవాల నుంచి గుండె రక్తంలోకి చేరి లెక్క పెంచి చూపిస్తాయి. 10 మి.లీ. రక్తానికి 100 మి.గ్రా. సోడియం ఫ్లోరైడ్ వేయకపోతే సీసాలోనే పులిసి ఆల్కహాల్ పుడుతది, కల్లు కేసుల్లో అది పెద్ద తలనొప్పి. విసెరాను (పరీక్షకు తీసిన లోపలి అవయవాలను), తానే ఆల్కహాల్ అయిన రెక్టిఫైడ్ స్పిరిట్‌లో పెడితే ఆల్కహాల్ పరీక్ష చేసినా లాభం లేదు. ఈ కేసులకు ఉప్పు సంతృప్త ద్రావణమే వాడాలి. కంటి గుడ్డులోని ద్రవం తీసిన కేసులు దొరికితే వాటికి విలువ ఎక్కువ, కుళ్లు అక్కడికి ఆలస్యంగా చేరుతది.

కల్లు ప్రశ్నకు నా జవాబు: కలపండి, కానీ వేరే నిలువు గడిలో. కల్తీకి వాడే మూడింటిలో అల్ప్రాజోలం, డైజెపామ్ గోలీలుగా కూడా దొరికేవే. మూడోది క్లోరల్ హైడ్రేట్, కల్తీ చేసేవాళ్ల భాషలో “సీహెచ్”. అది ఒంట్లో త్వరగా ట్రైక్లోరోఇథనాల్‌గా మారుతది, కాబట్టి ల్యాబ్ దాన్ని వెతికిందా లేదా అన్నది చూడండి. రిపోర్టులో “కనబడలేదు” అని లేకుండా ఉత్తగా వదిలేస్తే, పరీక్షే చేయలేదని లెక్క వేయాలి.

ఇంకొకటి, దీన్ని అందరూ మరిచిపోతరు. దుకాణం మూతపడి కల్లు దొరక్క రెండు మూడు రోజులకు ఫిట్స్ వచ్చి పోయినవాళ్లు ఉంటరు. అది మోతాదు మించిన చావు కాదు, మత్తుమందు ఆగిపోవడం వల్ల వచ్చిన చావు. రక్తంలో ఏమీ దొరక్కపోవచ్చు, లేదా కొద్దిగా మిగిలి ఉండొచ్చు. అల్ప్రాజోలం సగం తగ్గడానికి సుమారు 11 గంటలు. డైజెపామ్ అయితే ఒక రోజు దాటుతది, దాని నుంచి పుట్టే పదార్థం ఇంకా రోజుల తరబడి ఉంటది. చివరిసారి తాగింది ఎప్పుడో గంటలతో సహా రాయకపోతే ఈ రెండు రకాలూ కలిసిపోతాయి.

మెడికల్_షాప్_జడ్చర్ల

డాక్టర్ గారూ, చీటీల దిక్కు నేను చెప్త. షాపుల మీకు పనికొచ్చేది షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన కొన్ని మందుల అమ్మకాల పుస్తకం. రాసిన డాక్టర్ పేరు, చిరునామా, పేషెంటు పేరు, మందు పేరు, ఎంత ఇచ్చింరో అన్నీ అందుల ఉండాలె, 3 ఏండ్లు దాచిపెట్టాలె. అంటే మీ మూడేండ్లల్ల మొదటి ఏడు ఆలస్యం చేస్తే పోయినట్టే, అదే ముందుగాల అడగండి. అల్ప్రాజోలం, డైజెపామ్, నైట్రాజెపామ్, క్లోర్‌డయజెపాక్సైడ్, జోల్పిడెమ్, ట్రమడాల్, పెంటజోసిన్, కోడీన్ 2013 నాటి 46 మందుల జాబితాల ఉన్నయి. క్లోనజెపామ్ అందుల లేదు! నిద్రకు ఎక్కువ రాసే గోలీల్ల అదొకటి. హెచ్1 రిజిస్టర్ల దొరకలేదని “బెంజో (అల్ప్రాజోలం, డైజెపామ్ జాతి మందు) వాడలేదు” అని రాసుకుంటే తప్పయితది.

రిజిస్టర్ల రాతలు ఎట్లుంటయో కూడ తెలుసుకోండి. ఊరి పేరు ఉండదు, ఇంటిపేరు ఉండదు. ఎల్లయ్య ఒకచోట, యెల్లయ్య ఒకచోట. కొడుకు కొనుక్కపోతే కొడుకు పేరే రాస్తరు. అందుకని పేరొక్కటే పట్టుకోకుండ తేదీ, మందు, డాక్టర్ ఈ మూడు కలిసినయా చూడాలె.

దానికన్న గట్టి సాక్ష్యం ఇంట్ల దొరికే స్ట్రిప్. దాని మీద బ్యాచ్ నంబరు ఉంటది, హోల్‌సేల్ బిల్లుల అదే బ్యాచ్ ఏ షాపుకు పోయిందో ఉంటది. మీరు నేరుగ అడిగితే ఎవరూ చూపియ్యరు, డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ ఇన్‌స్పెక్టర్ ద్వారా ఉత్తరం పెట్టాలె. స్ట్రిప్ ఫొటో రెండు వైపులా తీయండి, ఎన్ని గోలీలు మిగిలినయో లెక్క రాయండి. కత్తిరించిన స్ట్రిప్ అయితే బ్యాచ్ ఉన్న ముక్క పోయి ఉంటది, గోలీలు విడిగ అమ్మినరని అర్థం.

ఇంకా ఆర్ఎంపీలు. ఊర్లల్ల నొప్పులకు, నిద్రకు వాళ్ల దగ్గరనే సూది, కాగితం పొట్లంల రంగు రంగుల గోలీలు. చీటీ అనేదే ఉండదు. మీ ఫారంల “చీటీ లేదు” అనే ఒక్క గడి పెడితే చాలదు. షాపుల చీటీ లేకుండ కొన్నది, ఆర్ఎంపీ ఇచ్చింది, ఇంట్ల వేరేవాళ్లది మింగింది, కల్లుల వచ్చింది అని నాలుగు చేయండి. తెల్ల పొడి రూపంల వచ్చే అల్ప్రాజోలం షాపు బిల్లుల ఎన్నటికీ దొరకది. ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టంల దానికి 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. 100 గ్రాములంటే 0.5 మి.గ్రా. గోలీలు రెండు లక్షలు. అది చీటీల దారి కాదు.

లెక్కల_పట్టిక

పైవాళ్లు చెప్పిన నాలుగు గడులూ ఈ థీసిస్‌కు ప్రాణం. 2006లో వెస్ట్ వర్జీనియాలో పొరపాటు ఓవర్‌డోస్‌తో పోయిన 295 మందిని చూస్తే, 63 శాతం మందిలో చావుకు కారణమైన మందు వాళ్ల పేరు మీద రాసిందే కాదు. డేటాబేస్ ఉన్న చోటే అట్లా ఉంటే, ఇక్కడ చీటీ దొరకని కేసును “సమాచారం లేదు” అని తీసేయడం అంటే అసలు ఫలితాన్నే తీసేయడం. అయితే అక్కడి చావుల్లో నూటికి తొంభైకి పైగా ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి) నొప్పి మందులు ఉన్నాయి. ఆ శాతాలను తెచ్చి పాలమూరుకు అంటించొద్దు.

చీటీ దొరికిన వాళ్లకు చావుకు ముందు 30, 90, 365 రోజులని మూడు కిటికీలు పెట్టండి. ప్రతి చీటీకీ తేదీ, బలం, గోలీల సంఖ్య, రోజుకు ఎన్ని, ఎన్ని రోజులకు సరిపోతాయి రాయండి. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. అది లేకుండా రెండు మందులు ఒకే రోజుల్లో కలిసి నడిచాయా అన్నది లెక్కించలేం. బెంజోలను డైజెపామ్ లెక్కకు మార్చండి: అల్ప్రాజోలం 0.5 మి.గ్రా. సుమారు డైజెపామ్ 10 మి.గ్రా.కు సమానం. ట్రమడాల్‌ను మార్ఫిన్‌లోకి మార్చేటప్పుడు ఏ పట్టిక వాడారో చెప్పండి. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2016లో 0.1తో గుణిస్తే 2022లో 0.2 చేసింది. పాతదీ కొత్తదీ కలిపితే మోతాదు రెట్టింపు తేడా వస్తుంది.

జనాభా దగ్గర జాగ్రత్త. 2011 జనాభా లెక్కలు పాత జిల్లాలవి. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి విడిపోయాయి, 2019లో నారాయణపేట. మార్చురీకి మాత్రం ఇప్పటికీ పక్క జిల్లా శవాలు వస్తాయి. పట్టణ రేటు కావాలంటే నివాసం పట్టణంలో ఉన్నవాళ్లనే భిన్నంలో పైన వేయాలి. తిరగేస్తే ఉస్మానియాకో గాంధీకో రెఫర్ అయి అక్కడ పోయిన నల్లగొండవాళ్లు, ముంబై, పుణె వలసల్లో పోయిన పాలమూరువాళ్లు మీ రిజిస్టర్లో లేనే లేరు. ఆ కొరత ఎక్కువగా పనిచేసే వయసు మగవాళ్లలోనే పడుతుంది, అంటే వయసు పట్టికే వంకరపోతుంది.

సంఖ్యలు చిన్నవి. పది చావులు ఉంటే 95 శాతం నమ్మక అవధి (అసలు సంఖ్య ఉండగల పరిధి) 4.8 నుంచి 18.4 దాకా పోతుంది. ఏడాదికేడాది పెరిగింది, తగ్గింది అని రాయకండి, మూడేళ్లు కలిపి ఒకటే రేటు ఇవ్వండి. 5 కంటే తక్కువ ఉన్న గడిని అచ్చువేయొద్దు. వార్డు, వయసు, వృత్తి కలిపితే మనిషి ఎవరో పక్కింటివాళ్లకు తెలిసిపోతుంది. పోలిక గుంపు కోసం అదే మార్చురీలోని రోడ్డు ప్రమాద మృతులను తీసుకోవాలనిపిస్తుంది, సులువు కాబట్టి. మత్తులో బండి నడిపి పోయినవాళ్లు అందులో ఉంటారు, తేడా ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

పీజీ_నల్లగొండ

చాలా థాంక్స్ అందరికీ. క్లోనజెపామ్, రోజుల లెక్క రెండూ నా ఫారంలో లేవు, కలుపుతున్నాను. ఇంటివాళ్లను ఎప్పుడు అడగాలి? వాళ్లు నిజం చెప్తారా?

ఎఫ్ఎంటీ_పాలమూరు

మార్చురీ గేటు దగ్గర వద్దు. దినాలు అయిపోయిన తర్వాత, మూడు నెలలు దాటకముందు పోండి. అంతకు ఆలస్యమైతే స్ట్రిప్‌లు, చీటీలు ఊడ్చి పారేస్తరు. పోలీసు బండిలో, పోలీసులతో పోతే ఒక్క ముక్క చెప్పరు. కేసు అయితదని, బీమా రాదని భయం. భార్యను లేదా తల్లిని విడిగా, అన్నదమ్ములను విడిగా అడగండి. “మత్తు అలవాటుందా?” అని మొదలుపెట్టొద్దు. “నిద్ర పట్టేదా? పట్టకపోతే ఏం చేసేవాడు?” అని అడిగితే కల్లు, గోలీ, ఆర్ఎంపీ వరసగా వస్తయి. రోజుకు ఎన్ని సీసాలు, ఏ పూట, ఆ వారం దుకాణం మారిందా, గీత కార్మికుడు చెట్టు దగ్గర పోసిన కల్లా లేక దుకాణం కల్లా అన్నవి అడగండి. దుకాణం మారిన రోజు మోతాదు మారిన రోజు కూడా అయి ఉండొచ్చు.