ఒకే రాతప్రతికి నాలుగు తేదీలు చూపిస్తోంది, ఎందుకు?

నీలిసిరా: పొద్దుట్నుంచి దీంతోనే కుస్తీ. రెండు లైబ్రరీల మధ్యయుగపు లాటిన్ రాతప్రతుల క్యాటలాగుల్ని ఆర్‌డిఎఫ్‌లోకి (డేటాను లింకులుగా రాసే పద్ధతి) మార్చి ఒకే స్టోర్‌లోకి (డేటాబేస్) ఎక్కించాను. విడివిడిగా అడిగితే అంతా సవ్యంగానే ఉంది. కలిపి అడిగితే మాత్రం బోయీథియస్ (6వ శతాబ్ది తత్వవేత్త) రాతప్రతి ఒక్కటే వస్తోంది, దానికి నాలుగు తేదీలు, మూడు షెల్ఫ్‌మార్కులు (లైబ్రరీ వేసే గుర్తు నంబర్లు)! 9వ శతాబ్దిలోనూ రాశారట, 15లోనూ రాశారట. ఒకేలాంటి ఫలితాల్ని తీసేసే డిస్టింక్ట్ పెట్టి చూశా, స్టోర్ ఖాళీ చేసి మళ్లీ ఎక్కించా. క్వెరీ భాష స్పార్కల్‌లోనే ఏదో బగ్ ఉన్నట్టుంది.

త్రిపది: క్వెరీ పెట్టండి. డేటా నాలుగు లైన్లు కూడా.

చర్మపత్రం: తేదీల మాటెత్తారు కాబట్టి చెబుతున్నా. "12వ శతాబ్ది రెండో సగం" అని క్యాటలాగులో ఉంటే చాలామంది 1150 అని కొట్టేసి చేతులు దులుపుకుంటారు. లేఖకుడు చివర్లో తానే తేదీ వేసుకున్న ప్రతి వేరు, లిపి చూసి మనం కట్టిన అంచనా వేరు. మ్యూజియం, లైబ్రరీ డేటాకి వాడే సిడాక్ సిఆర్ఎం నమూనాలో ప్రొడక్షన్‌కి (ప్రతి తయారీ) టైమ్‌స్పాన్ (కాలవ్యవధి) తగిలించి, దాని మొదలు చెప్పే పి82ఎలో 1151 మొదలు, చివర చెప్పే పి82బిలో 1200 చివర ఇవ్వాలి. ఇది చెయ్యకుండా ఎన్ని క్యాటలాగులు కలిపినా దండగే.

నీలిసిరా: నా తేదీలు బానే ఉన్నాయండీ. నేనడిగింది అది కాదు.

బొమ్మలపెట్టె: ఇంత తంటా ఎందుకు? రెండు చోట్లా ఐఐఐఎఫ్ మేనిఫెస్టులు (పేజీల డిజిటల్ బొమ్మల్ని పంచుకునే ఫైళ్లు) ఉంటే మిరడోర్ వ్యూయర్‌లో పక్కపక్కన తెరుచుకోవచ్చుగా.

త్రిపది: అది పేజీలు చూపిస్తుంది. ఆ పుస్తకం ఎవరి చేతులు మారి వచ్చిందో చెప్పదు. క్వెరీ ఏదండీ?

నీలిసిరా: క్వెరీ మామూలుదే. రెండింటికీ లింకు కావాలి కదా అని ఒక్కో రాతప్రతికీ ఆ రచన వియాఫ్ ఐడిని (లైబ్రరీలు ఉమ్మడిగా వాడే గుర్తింపు నంబరు) సేమ్‌యాజ్‌తో ("ఈ రెండూ ఒకటే" అని చెప్పే లింకు) కలిపాను. అందరూ చేసేదేగా.

త్రిపది: అదీ సంగతి. లింకుల్నుంచి కొత్త సంగతులు తేల్చే రీజనర్ ఆన్‌లో ఉందా?

నీలిసిరా: ఏమో, నేనేం మార్చలేదు.

త్రిపది: ఉన్నట్టే. మొదటి ప్రతీ ఆ రచనా ఒకటే అన్నారు, రెండో ప్రతీ ఆ రచనా ఒకటే అన్నారు. ఇక రెండు ప్రతులూ ఒకటే అని స్టోర్ తేల్చేసింది. సేమ్‌యాజ్ పీకెయ్యండి. సిఆర్ఎంలో రాతప్రతి అనే వస్తువు ఇ22, అందులోని పాఠం ఇ33, మధ్యలో "మోస్తుంది" అని చెప్పే పి128. వియాఫ్ ఐడి రచన వైపే ఉండాలి, తోలు అట్ట వైపు కాదు.

పాతలిపి: ఇ33తో ఎలా సరిపెడతారు? రచన వేరు, పాఠం వేరు. మార్జిన్ల నిండా వ్యాఖ్యానం ఉన్న బోయీథియస్, ఏమీ లేని బోయీథియస్ ఒకే పాఠమా? రచననీ పాఠాన్నీ వేరు చేసే ఎఫ్ఆర్‌బిఆర్ఓఓ నమూనా వచ్చింది ఇందుకే.

త్రిపది: నీలిసిరాకి ముందు క్వెరీ ఆడాలి.

పాతలిపి: వేర్వేరు కాలాల భాగాల్ని ఒకే అట్టలో కుట్టేసిన సంపుటం వస్తే? తేదీ సంపుటానికా, భాగానికా?

చర్మపత్రం: నేను మొత్తుకునేదీ అదే!

ముడిసరుకు: ఒకే పుస్తకం నిజంగానే రెండు డేటాల్లోనూ ఉంటే అసలు తలనొప్పి అప్పుడు. బోడ్లియన్ లైబ్రరీ, రాతప్రతుల అమ్మకాలూ యజమానులూ నమోదు చేసే షోన్‌బర్గ్, బిబాల్ డేటాల్ని కలిపిన మ్యాపింగ్ మాన్యుస్క్రిప్ట్ మైగ్రేషన్స్ ప్రాజెక్టు చూడండి. షోన్‌బర్గ్‌లో ఒకే పుస్తకం అమ్ముడైనప్పుడల్లా కొత్త ఎంట్రీ పడుతుంది. శీర్షికతో జత కలపబోతే మునిగిపోతారు. పాత షెల్ఫ్‌మార్కు, ఫిలిప్స్ నంబరు లాంటివి పట్టుకుని మనిషే చూసి తేల్చాలి. రాతప్రతుల సేకర్త థామస్ ఫిలిప్స్ 1872లో పోయాక ఆయన సంగ్రహం వేలాల్లో చెల్లాచెదురైంది, ఆయన వేసిన నంబరు మాత్రం పుస్తకంతోనే తిరుగుతుంది.

నీలిసిరా: సేమ్‌యాజ్ తీసేశా, విడివిడిగా వస్తున్నాయి. థాంక్స్. ఇప్పుడు ఓనర్ల పేర్లు రెండేసిసార్లు పడుతున్నాయి, అది రేపు చూస్తా.

త్రిపది: అక్కడ కూడా సేమ్‌యాజేనా?

పాతలిపి: సంపుటాల సంగతి ఎవరూ చెప్పలేదు.