థండర్‌బర్డ్‌లో కోట్ చేసిన పాత మెయిల్‌కి సీఎస్ఎస్‌తో రంగులు పెట్టడం ఎలా?

ప్రశ్న:
మెయిళ్లు చదవడానికి థండర్‌బర్డ్ అనే ప్రోగ్రామ్ వాడుతున్నాను. మా కాలనీ కమిటీ మెయిళ్లలో జవాబు కింద జవాబు పేరుకుపోయి ఎవరు ఏమన్నారో అర్థం కావట్లేదు. పాత మాటల పక్కన గీత ఒక్కటే వస్తోంది, నాకు ఒక్కో పొర వెనక ఒక్కో లేత రంగు కావాలి. రంగులు, రూపం ఎలా ఉండాలో చెప్పే సీఎస్ఎస్ రూల్స్‌తో యూజర్‌కంటెంట్ డాట్ సీఎస్ఎస్ ఫైల్ రాసి, థండర్‌బర్డ్ నా సెట్టింగ్స్ దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్‌లో పెట్టాను, థండర్‌బర్డ్ మూసి తెరిచాను, ఏ మార్పూ లేదు. ఎక్కడ తప్పు చేశానండీ?

జవాబు 1:
ఫైల్ ప్రొఫైల్ ఫోల్డర్‌లో నేరుగా పెడితే చదవదండీ, అందులో క్రోమ్ అని చిన్న అక్షరాలతో ఇంకో ఫోల్డర్ చేసి దాంట్లో పెట్టాలి. ఫైల్ పేరులో కంటెంట్‌కి మాత్రం పెద్ద సీ, లినక్స్ అయితే ఇది తప్పకూడదు. తర్వాత సెట్టింగ్స్ చివర ఉండే కాన్ఫిగ్ ఎడిటర్‌లో లెగసీ యూజర్ ప్రొఫైల్ అని వెతికితే స్టైల్‌షీట్స్‌తో ముగిసే వరస ఒకటి వస్తుంది, దాన్ని ట్రూ చేయండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రూల్‌కి సెలెక్టర్, అంటే రూల్ ఏ భాగానికో చెప్పే పేరు, బ్లాక్‌కోట్ (కోట్ చేసిన భాగానికి ఉండే ట్యాగ్), రెండో పొరకి బ్లాక్‌కోట్ లోపల బ్లాక్‌కోట్, అలా ఎన్ని పొరలు కావాలంటే అన్ని.

అడిగినవారు:
వచ్చేసింది, చాలా థ్యాంక్సండీ! కానీ జీమెయిల్ నుంచి వచ్చిన వాటికి గీత మారట్లేదు, అవుట్‌లుక్ వాటికైతే అసలు ఏమీ లేదు.

జవాబు 2:
జీమెయిల్ తన బూడిద రంగు గీతను, పక్క ఖాళీని ట్యాగ్‌లోనే స్టైల్‌గా రాసి పంపుతుంది, అందుకే మీ రూల్ ఓడిపోతోంది. ప్రతి లైను చివర ఆశ్చర్యార్థకం పెట్టి ఇంపార్టెంట్ అని చేర్చండి. ఇంకోటి, సెలెక్టర్‌లో టైప్ సైట్ (type=cite) అనే గుర్తు పెట్టుంటే తీసేయండి, జీమెయిల్ కోట్‌కి ఆ గుర్తు ఉండదు. అవుట్‌లుక్ మామూలుగా బ్లాక్‌కోట్ వాడదు, పైన ఒక అడ్డగీత గీసి పాత మెయిల్ మొత్తం కింద పడేస్తుంది, కాబట్టి అక్కడ పొరలు విడదీయడానికి సీఎస్ఎస్‌కి పట్టు దొరకదు.

జవాబు 3:
తెలుగులో వచ్చే మెయిళ్లు ఉంటే దయచేసి కోట్‌కి ఇటాలిక్ పెట్టకండి, మన అక్షరాలను బలవంతంగా పక్కకి వంచేస్తుంది, చదవలేం. సైజు కూడా తగ్గించకండి. లైన్ హైట్ 1.6 పెడితే వత్తులు కింది వరసకి తగలకుండా ఉంటాయి, నేను అదే వాడుతున్నాను. డార్క్ థీమ్ వాడితే నేపథ్యం రంగుతో పాటు అక్షరాల రంగు కూడా మీరే రాయండి, లేకపోతే లేత రంగు మీద తెల్ల అక్షరాలు పడి ఏమీ కనపడదు. ఈ రంగులు మీ స్క్రీన్ మీదే ఉంటాయి, మీరు పంపే జవాబులో కమిటీ వాళ్లకి కనిపించవు.