మత్తయి 11:30: “నా కాడి సుళువుగాను” అన్నచోట సుళువు అంటే ఏమిటి?

పర్లాకిమిడి: అందరికీ వందనాలు. “నా కాడి సుళువుగాను నా భారము తేలికగాను ఉన్నవి” అన్న వాక్యం వచ్చే ఆదివారం సండే స్కూల్లో చెప్పాలి. మా గుంటలు బళ్లో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఒడియాలో జువాళి అంటే తెలుస్తుంది గానీ కాడి అంటే మొహాలు చూస్తారు. పొలాల్లోనూ ఇప్పుడు ట్రాక్టర్లే కదా. పెద్దవాళ్ల ప్రశ్న ఇంకొకటి ఉంది. మత్తయి 16:24లో సిలువ ఎత్తుకోమన్న ప్రభువే ఇక్కడ సుళువు అంటే ఎలా కుదురుతుంది? సుళువు, తేలిక ఒకటే అయితే రెండు మాటలెందుకు?

గుణుపురం: మాస్టారూ, కాడిని దగ్గర్నుంచి చూస్తే సగం తేలిపోతుంది. దుక్కి కాడి ఎద్దును మూడు చోట్ల బాధపెడుతుంది. మొదటిది మెడ మీద ఆనే చోటు. అక్కడ కర్ర సన్నగా ఉన్నా, అంచు గుండ్రంగా తియ్యకపోయినా లాగుడంతా రెండు వేళ్ల మేర చర్మం మీదే పడుతుంది. ముందు వెంట్రుకలు రాలతాయి, తర్వాత వాస్తుంది, అప్పుడూ ఆపకుండా కడితే పుండు పడుతుంది. వానకి తడిసిన మెడయితే మరీ తొందర, నానిన చర్మం చిన్న రాపిడికే చిట్లిపోతుంది. రెండోది చిలకల మధ్య, అంటే మెడకి రెండు పక్కలా దిగే పుల్లల మధ్య ఎడం. ఇరుకైతే మెడ పక్కలు ఒరుసుకుంటాయి, ఎక్కువైతే కాడి అటూ ఇటూ కదిలి ఒకే చోట రాస్తుంది. మూడోది గొంతు కింద తాడు. బిగిస్తే లాగేటప్పుడు ఊపిరాడదు, వదులైతే కాడి తలవైపు జారుతుంది.

అందుకే తెలిసిన వడ్రంగి ముందు ఎద్దు మెడ చూస్తాడు, తర్వాతే చెక్కుతాడు. ఆనే చోటు కనీసం నాలుగు వేళ్ల వెడల్పు ఉంచి, అంచులు తీసి, నున్నగా చిత్రిక పట్టి నూనె రాస్తారు. ఎద్దు తన ఒంటి బరువులో ఇంచుమించు పదోవంతు బలంతో గంటల తరబడి లాగగలదు. కాడి ఎంత బాగా చెక్కినా ఆ లాగుడు తప్పదు, మెడ మాత్రం చెడదు. సుళువు అన్నది ఈ కుదురుకి వచ్చిన మాట. భారం సంగతి వేరు, అది నాగలి ఎంత లోతుకి దిగింది, నేల ఎంత గట్టిగా ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. బరువు తక్కువైనా కాడి కోసెయ్యొచ్చు. అందుకే రెండు మాటలూ కావాలి.

సిరొంచ: గుణుపురం అన్న చెప్పింది మరాఠీ బైబిల్ చూస్తే ఇంకా బాగ తెలుస్తది. అండ్ల “మాఝే జూ సోయీచే” అని ఉంటది. జూ అంటే కాడి, సోయీచే అంటే అనువైనది, వీలైనది. మెడకు కుదిరిన కాడికి సరిగ్గ అతికే మాట అది. గ్రీకుల ఉన్నది ఖ్రేస్తోస్. అదే మాటను మన తెలుగు బైబిల్ల లూకా 5:39 కాడ పాత ద్రాక్షారసం “మంచిది” అన్నరు, లూకా 6:35 కాడ దేవుడు “ఉపకారి” అన్నరు, 1 పేతురు 2:3 కాడ ప్రభువు “దయాళుడు” అన్నరు. వస్తువుకైతే వాడుకకు హాయి, మనిషికైతే మంచితనం.

తేలికకు గ్రీకుల మాటే వేరు, ఎలాఫ్రోస్. 2 కొరింథీ 4:17ల పౌలు “క్షణమాత్రముండు మా చులకని శ్రమ” అన్నడే, ఆ చులకని అదే. ఆ శ్రమ ఏందో అదే పత్రికల 11:24, 25 వచనాలల్ల ఉన్నది: అయిదుసార్లు కొరడా దెబ్బలు, మూడుసార్లు బెత్తాలు, ఒకసారి రాళ్లు, మూడుసార్లు ఓడ పగులుడు. మాస్టారూ, సిలువ గురించి అడిగిన పెద్దవాళ్లకు ముందు ఇది చదివి వినిపించుండ్రి.

బరంపురం: ఇద్దరూ బాగా చెప్పారు. ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ వాక్యం మీద ప్రసంగాల్లో “కాడికి ఒకవైపు నువ్వు, రెండోవైపు యేసు” అని తరచూ వింటాం. ఓదార్పు మాటే, కానీ వచనంలో ఆ మాట లేదు. “నా కాడి యెత్తికొని నాయొద్ద నేర్చుకొనుడి” అని 29వ వచనం. యూదుల వాడుకలో ధర్మశాస్త్రపు కాడి అనేవారు, బోధను అంగీకరించి దాని ప్రకారం నడవడమే కాడి ఎత్తుకోవడం. కాబట్టి ఇక్కడ యేసు ముందుగా బోధకుడు. రెండో శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టిర్, యేసు నాగళ్లు, కాడులు చేసేవాడని రాశాడు. అది నిజమైతే కాడి చెక్కే చేతి మాటే ఇది.

ఆ రోజుల్లో జనం మెడ మీద ఏముందో చూడండి. అధ్యాయం మారగానే 12:1, 2లో ఆకలేసి విశ్రాంతిదినాన వెన్నులు తుంచుకున్నందుకు శిష్యుల మీద తప్పు పట్టారు. 23:4లో పరిసయ్యులు మోయ శక్యముకాని బరువులు మనుషుల భుజాల మీద పెట్టి, తమ వేలితోనైనా కదిలించరని ఉంది. అపొస్తలుల కార్యములు 15:10లో పేతురు “మోయలేని కాడి” అన్నది కూడా ఇదే. ఈ మూడూ పక్కన పెట్టుకోకుండా 11:30 ఒక్కటే చదివితే, దేవుడు పని తగ్గిస్తాడనే అర్థమే మిగులుతుంది.

రాయగడ: అయ్యగారూ, ఆ 23:4 ఇళ్లలోకీ వస్తుంది. శ్రమ దినాల్లో, అంటే ఈస్టరు ముందు నలభై రోజుల ఉపవాసంలో చూస్తుంటాం. ఇన్సులిన్ వేసుకునే ముసలావిడ చేత కూడా పూట మాన్పిస్తారు. సూది వేసుకుని తినకపోతే షుగరు పడిపోయి స్పృహ తప్పుతుంది. ఆమెకి డాక్టరు చెప్పిన వేళకి భోజనం పెట్టి, ఆ గంట ప్రార్థనలో కూర్చోబెడితే సరిపోతుంది. ఈ లెక్క కూడా చాలామందికి తెలీదు: భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా 46 రోజులు. మధ్యలో ఆరు ఆదివారాలు ఉపవాసంలోకి రావు. అవి తీసేస్తేనే 40.

కుటుంబ ప్రార్థనా అంతే. పొద్దంతా జీడిపిక్కలు ఒలిచి వచ్చిన మనిషిని రాత్రి తొమ్మిదికి మూడు అధ్యాయాలు చదవమంటే నిద్ర తూలుతుంది, తప్పు చేశానని బాధ పడుతుంది. 119వ కీర్తన 22 భాగాలు, భాగానికి 8 వచనాలు. రోజుకొక భాగం చదివితే 22 రోజులు. ప్రార్థన వేళయ్యేసరికి ఇంట్లో ఒకళ్లు రోజూ తప్పించుకుంటున్నారంటే వాళ్లకి భక్తి లేదనకండి, కాడి ఎక్కడ రాస్తోందో చూడండి.

బరంపురం: ఒప్పుకుంటానమ్మా. కాడిని పూర్తిగా తీసేసినా అంతే ప్రమాదం అని మాత్రం కలుపుతాను. యిర్మీయా 28:13లో అబద్ధ ప్రవక్త హనన్యా కొయ్యకాడిని విరిచాడు, దానికి బదులు ఇనుపకాడి వచ్చింది.

పర్లాకిమిడి: పెద్దవాళ్లకి సరిపోయింది, అందరికీ వందనాలు. మరి గుంటలకి ఎలా చూపించడం?

గుణుపురం: నాలుగడుగుల గట్టి కర్ర తీసుకోండి. సరిగ్గా మధ్యలో బకెట్టు కట్టి నాలుగు లీటర్ల నీళ్లు పొయ్యండి. ఒక పెద్ద గుంట, ఒక చిన్న గుంట చెరో కొస పట్టుకుంటే ఇద్దరి మీదా సమానం. తర్వాత తాడు పెద్దవాడి వైపు ఒక అడుగు జరిపి కట్టండి. నీళ్ల బరువులో మూడు కిలోలు పెద్దవాడి మీదకి పోతాయి, చిన్నవాడికి ఒకటే మిగులుతుంది. ఎడ్లలో ఒకటి బలహీనమైతే రైతు చేసేదీ ఇదే. రెండు మెడల మధ్య నాలుగడుగులున్న కాడి మీద నాగలి తాడు మూడంగుళాలు బలమైన ఎద్దు వైపు జరిపితే, నూటికి యాభై ఆరు పాళ్లు దాని మీద, నలభై నాలుగు రెండోదాని మీద పడతాయి.

కొసలకి ఓసారి గరుకు గోనె, ఇంకోసారి మెత్తటి తువ్వాలు చుట్టి భుజాల మీద పెట్టించండి. నీళ్లు అవే, భుజానికి తేడా వాళ్లే చెప్తారు. తాడు మాత్రం రెండు చుట్లు తిప్పి ముడెయ్యండి. ఇద్దరి ఎత్తూ ఒకటి కాదు కాబట్టి కర్ర వాలుతుంది, ఒక చుట్టే అయితే బకెట్టు జారి పొట్టివాడి మీదకే వస్తుంది.