ఓటీజీ (కేకులు, గ్రిల్ చేసుకునే కరెంటు ఓవెన్) లోపల పట్టిన జిడ్డు వదలట్లేదు, ఏం చెయ్యాలి?

కూకట్‌పల్లి కోడలు: మా ఆడపడుచు అమెరికా వెళ్తూ వాళ్ళ ఓటీజీ మాకిచ్చింది. తందూరీ చికెన్ బాగా చేసేవాళ్ళు. వెనక గోడంతా వార్నిష్ పూసినట్టు గోధుమరంగు పొర, గ్లాసు మీద పసుపు చారలు. 180లో పెడితే చాలు, కళ్ళు మండేంత పొగ. గిన్నెల లిక్విడ్‌తో ఎంత రుద్దినా కదలట్లేదు. అత్తయ్య కాస్టిక్ సోడా వెయ్యమంటున్నారు. ఆదివారం పాప పుట్టినరోజు, కేకు ఇందులోనే చెయ్యాలని నా కోరిక.

బేకింగ్ పిన్ని: కాస్టిక్ జోలికి మాత్రం వెళ్ళకమ్మా. చాలా ఓటీజీల్లో లోపలి రేకుకి అల్యూమినియం పూత ఉంటుంది, కాస్టిక్ దాన్ని తినేస్తుంది. నూనె మళ్ళీ మళ్ళీ కాలి గట్టిపడిన పొర అది, మామూలు సబ్బుకి లొంగదు. ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక, వంటసోడాలో కాసిని నీళ్ళు కలిపి చిక్కగా పట్టించు. రాత్రంతా ఉంచి పొద్దున తడిగుడ్డతో తుడువు. మిగిలిన తెల్లటి పొడి మీద వెనిగర్ చల్లితే పోతుంది. రెండూ ముందే కలపకు, ఒకదాని బలం ఒకటి తీసేస్తుంది.

రిపేరు బాబాయ్: పిన్నిగారు చెప్పింది నల్ల ఎనామిల్ ఉన్నవాటికి సరిపోతుందండి. లోపల వెండిరంగు రేకైతే రాత్రంతా వద్దు, రంగు మారుతుంది. అరగంట ఉంచి తుడిచి, అవసరమైతే ఇంకోసారి పట్టించండి. అల్యూమినియం ట్రేలకీ అంతే. కాయిల్ రాడ్లకి సోడా, నీళ్ళు తగలనివ్వకండి. స్టీలు పీచు అసలు వద్దు, దాని తీగముక్కలు విరిగి కరెంటు కనెక్షన్ల దగ్గర పడితే ప్రమాదం. గ్లాసు మీద పాత ఏటీఎం కార్డు అంచుతో గీకండి. అంతా బాగా ఆరాక కిటికీలు తీసి, ఖాళీగా 250లో పావుగంట నడపండి.

కూకట్‌పల్లి కోడలు: మాది వెండిరంగు రేకే బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. రెండోసారికి పొర పెచ్చులుగా ఊడింది! గ్లాసులోంచి లోపలి లైటు కనిపిస్తోంది. ఖాళీగా నడిపినప్పుడు మొదట కాస్త పొగ వచ్చి ఆగిపోయింది. చికెన్ తిప్పే చువ్వ దూర్చే రంధ్రం చుట్టూ మాత్రం నల్లమరక ఉండిపోయింది. ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ.

బేకింగ్ పిన్ని: చేతికి జిడ్డు తగలకపోతే ఆ మరక వదిలెయ్, కేకుకేం కాదు. ఇకమీద చికెన్ పెట్టినప్పుడు గ్రిల్ కింద ట్రేలో గ్లాసుడు నీళ్ళు పొయ్యి. కారే కొవ్వు అందులో పడుతుంది, మాడదు.