బత్తాయి రైతుల బాట్‌లో తెలుగు బటన్లు పనిచేయడం లేదు

ప్రశ్న (నల్లగొండ):
మిత్రులకు నమస్కారం. మా ఊరి బత్తాయి రైతుల కోసం టెలిగ్రామ్‌లో ఒక బాట్ (తనంతట తానే జవాబులిచ్చే ప్రోగ్రామ్) తయారు చేస్తున్నాను. టైపు చేయడం ఇబ్బందిగా ఉన్నవారు నొక్కితే చాలునని ప్రశ్న కిందనే బటన్లు పెట్టాను. ‘ధర’ బటన్ కనిపిస్తోంది గానీ, ‘బత్తాయి ధర తెలుసుకోవాలి’ అన్న బటన్‌తో పంపిన సందేశాన్ని సర్వర్ తిరస్కరిస్తోంది. కారణం ఏమిటో దయచేసి చెప్పగలరు.

జవాబు (మిర్యాలగూడ):
బటన్‌పై కనిపించే వాక్యాన్నే మీరు కాల్‌బ్యాక్ డేటాగా (బటన్ నొక్కగానే బాట్‌కు చేరే గుర్తుగా) కూడా పంపుతున్నట్టున్నారు. ఆ డేటాకు పరిమితి 64 బైట్లు. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి, గుణింతపు గుర్తుకు సైతం, 3 బైట్లు పడతాయి కనుక, మీ వాక్యంలోని 21 సంకేతాలకు 63, రెండు ఖాళీలకు 2 కలిపి 65 అవుతున్నాయి. ఒక్క బైటు దాటింది! వాక్యాన్ని బటన్‌పై అలాగే ఉంచి, డేటాగా 1, 2 వంటి అంకెలు పంపండి.

జవాబు (మహబూబ్‌నగర్):
పై జవాబు సరైనదే. రేపు వాట్సాప్‌కు మారితే అక్కడ ఒక సందేశానికి మూడు జవాబు బటన్లే, ఒక్కోదానిపై 20 అక్షరాలే. మూడు బటన్లకు మించితే పది వరుసల వరకు పట్టే జాబితా వాడాలి. నిన్నటి సందేశంలోని బటన్‌ను రైతు ఈరోజు నొక్కవచ్చు కాబట్టి, ధరతో పాటు తేదీ తప్పక చూపండి. పాత ధర నమ్మి కాయ కోస్తే నష్టపోయేది ఆయనే.

అడిగినవారు:
అంకెలు పెట్టగానే పనిచేసింది. తేదీ కూడా చేరుస్తున్నాను. ఇద్దరికీ కృతజ్ఞతలు.